పెద్ద మిషన్ టిప్పు చిన్న లేత్ మీద ఎందుకు నిలవదు?

అనంతపురంలో లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే మిషన్) షాపుకు ఒకే రకం పని రాదు. పొద్దున బోరు మోటారు షాఫ్ట్ వస్తుంది. మధ్యాహ్నం ట్రాక్టరు ఇరుసు. సాయంత్రానికి తాడిపత్రి నుంచి బండల పాలిష్ మిషన్ స్పిండిల్ దిగుతుంది. మధ్యలో ఎవరో వేరుశెనగ కాయలు ఒలిచే మిషన్ బుష్ పట్టుకొచ్చి "అన్నా, బస్సుకు టైమవుతోంది, ఇప్పుడే తిప్పియ్యి" అని పక్కనే నిలబడతారు. అది ఏ లోహమో తెచ్చినవాడికి తెలియదు. తిప్పేవాడికీ చాలాసార్లు చిప్ (తెగి వచ్చే లోహపు తునక) చూశాకే తెలుస్తుంది. అందుకే ఇక్కడ కార్బైడ్ ఇన్సర్ట్ (హోల్డరులో బిగించి కోతకు వాడే చిన్న గట్టి ముక్క, షాపు మాటలో టిప్పు) ఎంచుకోవడం కేటలాగులో వేలు పెట్టి చూపించినంత సులువుగా ఉండదు.

కేటలాగు రాసేవాళ్ల మనసులో ఒక మిషన్ ఉంటుంది. పది పదిహేను హెచ్‌పీ మోటారు, మూడు నాలుగు వేల ఆర్‌పీఎం, కాలువలా పడే కూలెంటు (చల్లబరిచే ద్రవం), రోజంతా ఒకే స్టీలు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే లేత్) షాపులకు ఆ అంకెలు అతికినట్టు సరిపోతాయి. ఒకటి రెండు హెచ్‌పీ మోటారుతో బెల్టు మీద నడిచే నాలుగున్నర అడుగుల లేత్‌కు అవే అంకెలు పెడితే ముందు బెల్టు జారుతుంది, తర్వాత టిప్పు విరుగుతుంది. అప్పుడు "విడియా (కార్బైడ్) మనకు పనికిరాదు, మిరాండా (హెచ్ఎస్ఎస్, అంటే హైస్పీడ్ స్టీలు) బిట్టే మేలు" అన్న మాట పుడుతుంది. ఆ మాటలో సగం నిజం ఉంది. తప్పు కార్బైడ్‌ది కాదు. లోహాన్ని బట్టి టిప్పు కొని లేత్ సంగతి మరిచిపోవడం వల్లే మిగతా సగం వస్తుంది. ఈ లేత్ ఎంత వేగం తిరుగుతుంది, ఎంత కట్ లాగుతుంది, ఎక్కడ వణుకుతుంది? ముందు ఈ మూడూ తేలాలి. లోహం సంగతి ఆ తర్వాత.

వేగం చాలనిచోట

కోత వేగం లెక్క చిన్నదే. జాబ్ (తిప్పే ముక్క) వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 3.14తోనూ, నిమిషానికి తిరిగే చుట్లతోనూ (ఆర్‌పీఎం) గుణించి, 1000తో భాగించాలి. నిమిషానికి ఎన్ని మీటర్ల లోహం టిప్పు ముందు నుంచి పోతోందో తెలుస్తుంది. 40 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీలు) రాడ్డు 600 ఆర్‌పీఎం దగ్గర 75 మీటర్లు ఇస్తుంది. 25 మి.మీ. షాఫ్ట్ అయితే 47. 12 మి.మీ. పిన్ను అయితే 23 కూడా దాటదు. మామూలు స్టీలుకు అమ్మే కోటింగ్ టిప్పు డబ్బా మీద 200 దాటిన అంకె ఉంటుంది. 25 మి.మీ. షాఫ్ట్ మీద ఆ 200 రావాలంటే 2500 ఆర్‌పీఎం పైనే కావాలి. గన్‌మెటల్ బుష్‌ల మీద తిరిగే పాత హెడ్‌స్టాక్‌ను (జాబ్‌ను తిప్పే భాగం) అందులో సగానికి తీసుకెళ్లినా బుష్‌లు చెయ్యి పెట్టనివ్వవు.

వేగం తగ్గితే పని నిదానంగా అవుతుంది, అంతేగా అనిపించవచ్చు. అసలు ఇబ్బంది వేరే ఉంది. మెత్తని ఎంఎస్‌ను 20 నుంచి 50 మీటర్ల మధ్య తిప్పినప్పుడు తెగే లోహం టిప్పు మొనకు అతుక్కుంటుంది. ఆ ముద్ద కాస్త కాస్త పెరిగి, ఊడి, మళ్లీ పెరుగుతుంది. ఊడిన ప్రతిసారీ కొంత జాబ్ మీద అంటుకుపోతుంది, కొంత టిప్పు కోటింగ్‌ను పెచ్చుగా లేపుకుపోతుంది. షాఫ్ట్ మీద గోరుతో రాస్తే తట్టుకునే పొలుసులు, చింపినట్టున్న గీతలు దీని గుర్తులు. టిప్పు తీసి వెలుతురులో చూస్తే మొన పక్కన వెండిరంగు మచ్చ కనిపిస్తుంది. అది అరుగుదల కాదు, అతుక్కున్న ఎంఎస్. అది చూసి ఫీడ్ (ఒక్కో చుట్టుకు టూల్ జరిగే దూరం) ఇంకా తగ్గించడం సాధారణంగా జరిగే పని, కానీ అందువల్ల ఒరిగేది తక్కువ. వేగం పెంచాలి. అది కుదరకపోతే కోటింగ్ పలచగా ఉండి మొన పదునుగా ఉన్న టిప్పు పెట్టి, కాస్త కటింగ్ ఆయిల్ ఇవ్వాలి.

హెచ్ఎస్ఎస్ బిట్టు మెత్తని స్టీలు మీద 25, 30 మీటర్ల దగ్గర హాయిగా కోస్తుంది. దాన్ని రాయి మీద ఎంత పదునైనా పట్టవచ్చు. కాబట్టి 15 మి.మీ. లోపు ఎంఎస్ పిన్నులు, బోల్టులు, చిన్న బుష్‌లకు పాత బిట్టునే ఉంచుకోవడం వెనకబాటుతనం కాదు, లెక్క ప్రకారం సరైన పని. 30 మి.మీ. దాటాక, బెల్టును పై స్పీడుకు మార్చగలిగితే, కార్బైడ్ తన సత్తా చూపిస్తుంది. మధ్యలో ఉన్న సైజులు మిషన్‌ను బట్టి అటూ ఇటూ పోతాయి.

వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగం మార్చే పెట్టె) పెట్టి స్పీడు పెంచుకునే అలవాటు ఈ మధ్య బాగా వచ్చింది. సింగిల్ ఫేజ్ కరెంటుతో త్రీఫేజ్ మోటారు నడపడానికి అది మంచి దారే. అయితే నాబ్ తిప్పి కింది ఫ్రీక్వెన్సీలోకి తెచ్చినప్పుడు మోటారు పవరు కూడా దాంతోపాటు తగ్గిపోతుందన్నది మరవకూడదు. పెద్ద వ్యాసం మీద నెమ్మదిగా తిప్పాల్సి వస్తే బెల్టు మార్చడమే మేలు. 50 హెర్ట్జ్ దాటించి పైకి తీసుకెళ్లేటప్పుడు హెడ్‌స్టాక్ బేరింగులు, చక్ (జాబ్‌ను పట్టే దవడలున్న భాగం) మీద రాసి ఉన్న గరిష్ఠ వేగం, రెండూ చూసుకోవాలి.

నాలుగు అంచుల లెక్క

చిన్న షాపులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. టిప్పు ఆకారాన్ని దాని పేరులోని ఇంగ్లీషు అక్షరాలు చెబుతాయి. సీఎన్ఎంజీ టిప్పుకు రెండు పక్కలా కలిపి నాలుగు కోత మూలలు ఉంటాయి. డబ్ల్యూఎన్ఎంజీ, టీఎన్ఎంజీలకు ఆరేసి. సీసీఎంటీకి రెండే. ధర ఇంచుమించు ఒకటే అయితే సీఎన్ఎంజీలో మూల ఖరీదు సగానికి పడినట్టే కదా అనిపిస్తుంది. పైగా సీఎన్‌సీ షాపులు ఎక్కువగా వాడేవి అవే కాబట్టి విడిగానూ, మిగులు సరుకుగానూ అవే చౌకగా దొరుకుతాయి. కాగితం మీద ఈ లెక్కలో తప్పులేదు.

లేత్ మీద జరిగేది వేరు. సీఎన్ఎంజీలో రెండో అక్షరం ఎన్ అంటే టిప్పు పక్కగోడలు నిటారుగా ఉన్నాయని అర్థం. రెండు వైపులా వాడుకోవాలి కాబట్టి వాలు ఇవ్వడానికి లేదు. జాబ్‌కు రాసుకోకుండా ఉండాలంటే హోల్డరే టిప్పును ముందుకు వంచి, ఇంచుమించు 6 డిగ్రీలు కిందికి పట్టుకోవాలి. అలా వంగిన టిప్పు లోహాన్ని కోయడం కంటే తోయడం ఎక్కువ. సీసీఎంటీలో ఆ రెండో అక్షరం సీ, అంటే పక్కగోడకు 7 డిగ్రీల వాలు. హోల్డరు దాన్ని పడుకోబెట్టినట్టు తిన్నగా పట్టుకుంటుంది. మొన లోహంలోకి దిగి కోస్తుంది. అదే కట్‌కు మోటారు మీద, టూల్ పోస్టు మీద, అన్నిటికంటే ముఖ్యంగా జాబ్‌ను వెనక్కి నెట్టే దిశలో, బరువు తగ్గుతుంది.

పవరు లెక్క కూడా వేసుకోవచ్చు. కోత వేగం, కట్ లోతు, ఫీడ్, ఈ మూడింటినీ గుణించి, ఎంఎస్‌కు సుమారు 2000 అన్న అంకెతో మళ్లీ గుణించి, 60,000తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 75 మీటర్ల వేగం, ఒకటిన్నర మి.మీ. లోతు, 0.2 ఫీడ్ పెడితే 0.75 కిలోవాట్. రెండు హెచ్‌పీ మోటారు 1.5 కిలోవాట్లు ఇస్తుంది, బెల్టు, గేర్లు తినేది పోను 1.1 మిగిలిందనుకుంటే ఈ కట్ హాయిగా పోతుంది. లోతును మూడు మిల్లీమీటర్లు చేస్తే అవసరం 1.5కు చేరుతుంది, బెల్టు కీచుమంటుంది. సీఎన్ఎంజీలో రఫింగ్ (మొదటి లోతు కట్లు) కోసం చేసిన చిప్‌బ్రేకర్లు (చిప్‌ను వంచి తెంపే గాడులు) సరిగ్గా ఇలాంటి లోతుల కోసమే తయారైనవి. వాటిని అర మిల్లీమీటరు కట్‌కు పెడితే చిప్‌బ్రేకర్ గాడి దాకా లోహం చేరనే చేరదు. అంటే నాలుగు మూలలకు డబ్బు పెట్టి, ఏ మూలా తన పని చేయలేనిచోట పెట్టినట్టు. వణుకు మొదలై ఒక మూల పెచ్చు లేస్తే చాలాసార్లు దాని అడుగున ఉన్న మూల కూడా దెబ్బతింటుంది. అప్పుడు నాలుగు రెండవుతాయి.

అలాగని ఆరడుగుల మీడియం డ్యూటీ లేత్, మూడు హెచ్‌పీ మోటారు, బెడ్ మీద అరుగుదల లేని షాపుకు సీఎన్ఎంజీ నిషిద్ధమేమీ కాదు. ఫినిషింగ్ చిప్‌బ్రేకర్ ఉన్న రకం ఎంచుకుంటే మొన దగ్గర గాడి వాలు వల్ల అది కూడా పదునుగానే కోస్తుంది. పోత ఇనుము చక్రాలు, పుల్లీలు రోజూ తిప్పేవాళ్లకు దాని గట్టితనం లాభమే. అలాంటి షాపుల్లో 75 డిగ్రీల హోల్డరు ఒకటి ఉంచుకుంటే మరో ఉపయోగం ఉంది: 80 డిగ్రీల మూలలు అరిగిపోయిన సీఎన్ఎంజీని తిప్పి పెట్టి, ఎవరూ ముట్టని 100 డిగ్రీల మూలలతో రఫింగ్ చేసుకోవచ్చు. అవి మరీ బలమైన మూలలు. చాలామంది వాటిని వాడకుండానే పారేస్తారు.

నాలుగున్నర అడుగుల లేత్‌కు మాత్రం స్క్రూతో బిగించే పాజిటివ్ టిప్పే (సీసీఎంటీలా పక్కవాలు ఉన్నదే) సరైనదన్నది ఇక్కడ చెప్పే మాట. సైజులో సీసీఎంటీ 09టీ304 అందరికీ అందుబాటులో ఉంటుంది. ఆ అంకెలు చదవడం కష్టమేమీ కాదు: 09 అంటే అంచు పొడవు 9 మి.మీ. పైచిలుకు, టీ3 అంటే మందం 3.97 మి.మీ., చివరి 04 అంటే మొన గుండ్రం 0.4 మి.మీ. ఇంకా చిన్న లేత్ అయితే 060204 సరిపోతుంది. దానికి ఒక సుఖం ఉంది: 12 మి.మీ. బోరింగ్ బార్‌కూ, బయటి హోల్డరుకూ అదే టిప్పు వాడుకోవచ్చు, రెండు డబ్బాలు కొనక్కర్లేదు.

హోల్డరు పేరులోనూ ఇదే వరస. ఎస్‌సీఎల్‌సీఆర్ 1616 హెచ్09 అంటే స్క్రూ బిగింపు, 80 డిగ్రీల టిప్పు, 95 డిగ్రీల ఏటవాలు, 7 డిగ్రీల పక్కవాలు, కుడిచేతి వాటం, 16 మి.మీ. చదరపు కాడ, 100 మి.మీ. పొడవు. దీంతో టర్నింగూ (పొడవునా కోయడం), ఫేసింగూ (కొసను చదును చేయడం) టూల్ తిప్పకుండానే అయిపోతాయి. దుకాణంలో 2525 చౌకగా వస్తోందని తెచ్చుకుంటే చిన్న టూల్ పోస్టులో మొన సెంటర్ దాటి పైకి పోతుంది, కాడను కిందినుంచి కోయడం తప్ప దారుండదు. 1616 అయితే అడుగున పట్టీలు పెట్టి సరిచేసుకోవచ్చు. మొన సెంటరు కంటే పైన ఉంటే పక్కగోడ జాబ్‌కు రాసుకుంటుంది, కింద ఉంటే ఫేసింగ్ చివర మధ్యలో మొటిమ మిగులుతుంది. స్టీల్ స్కేలును జాబ్‌కూ మొనకూ మధ్య మెల్లగా నొక్కి చూస్తే అది నిటారుగా నిలవాలి.

మొన గుండ్రం

దుకాణాల్లో ఎక్కువగా ఉండేది 08. చాలామంది తెచ్చుకునేదీ అదే. గుండ్రం ఎక్కువైతే ఫినిష్ నునుపు వస్తుందన్నది నిజమే. ఫీడ్‌ను దానితోనే గుణించి, మొన గుండ్రానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే గీతల లోతు వస్తుంది. 0.2 ఫీడ్‌కు 0.8 మొనతో సుమారు 6 మైక్రాన్లు, 0.4 మొనతో 12. ఇది సూత్రం. ఇందులో వణుకు లేదు.

బోరు మోటారు షాఫ్ట్ లాంటి సన్నని పొడవాటి జాబ్‌ను చక్‌కూ టెయిల్‌స్టాక్‌కూ (రెండో కొసను ఆపే భాగం) మధ్య పట్టి తిప్పేటప్పుడు సూత్రంలో లేని సంగతులు బయటపడతాయి. కట్ లోతు మొన గుండ్రం కంటే తక్కువైతే టిప్పు నెట్టే బలం ఎక్కువగా జాబ్ మధ్యగీత వైపు పోతుంది. 0.8 మొనతో 0.3 లోతు తీస్తున్నప్పుడు అదే జరుగుతుంది: షాఫ్ట్ రెండు చివరలా వంగదు కాబట్టి అక్కడ సరిగ్గా తెగుతుంది, నడుము దగ్గర వెనక్కి వంగి తక్కువ తెగుతుంది. మైక్రోమీటరు పెడితే మధ్యలో లావు. చివరికి బేరింగ్ కూర్చోదు, లేకపోతే నీళ్లలో దిగాక షాఫ్ట్ ఊగుతుంది. 0.4 మొన పెట్టి, లోతును అర మిల్లీమీటరుకు తగ్గకుండా ఉంచితే ఈ వంపు బాగా తగ్గుతుంది. ఫీడ్‌ను 0.1కి దించితే గీతల లోతు 3 మైక్రాన్ల దగ్గరికి వస్తుంది, ఆపైన ఎమరీ పేపరు చూసుకుంటుంది. మరీ సన్నని వాటికి 0.2 మొన కూడా ఉంది, కానీ తగలరాని చోట తగిలితే వెంటనే పోతుంది. స్టెడీ రెస్ట్ (జాబ్‌ను మధ్యలో ఆనించే ఆధారం) ఉన్నవాళ్లకు ఈ బాధలో చాలావరకు తీరుతుంది, ఉండీ మూలన పడేసిన షాపులే ఎక్కువ.

దీనికి ఆనుకునే చివరి కట్ సంగతి ఉంది. హెచ్ఎస్ఎస్‌కు అలవాటైన చెయ్యి సైజు దగ్గర పడేకొద్దీ కొంచెం కొంచెంగా గీకుతూ పోతుంది. మందపు కోటింగ్ ఉన్న కార్బైడ్ టిప్పు అంచును కావాలనే కొద్దిగా గుండ్రం చేసి ఉంచుతారు, పెచ్చు లేవకుండా. దానికి 0.05 లోతు ఇస్తే కోయదు, రుద్దుతుంది. రెండోసారీ ఎక్కదు. మూడోసారి ఇంకాస్త ఇస్తే ఒక్కసారిగా దిగి సైజు దాటిపోతుంది. దీనికి మంచి పద్ధతి ఒకటుంది: వ్యాసంలో రెండు మిల్లీమీటర్లు మిగిలినప్పుడు ఆగి, దాన్ని రెండు సమాన కట్లుగా పంచాలి. మొదటి కట్ తీశాక కొలిచి, ఎంత తేడా వచ్చిందో చూసి, రెండోది అదే వేగం, అదే ఫీడ్, ఇంచుమించు అదే లోతుతో సరిచేసి తీయాలి. రెండు కట్లలో వంపు ఒకేలా ఉంటుంది కాబట్టి సైజు నిలబడుతుంది.

సీసీజీటీ అన్న పేరుతో దొరికే అద్దంలా మెరిసే టిప్పులు అల్యూమినియం కోసం చేసినవి, అంచు సానబట్టి పదునుగా ఉంటుంది. చిన్న లేత్ మీద స్టీలు చివరి కట్‌కు కూడా అవి అద్భుతంగా పనిచేస్తాయి. పొరల మీద, తుప్పు మీద మాత్రం పెట్టకూడదు, ఒక్క దెబ్బకు మొన రాలుతుంది.

గ్రేడు, వెల్డింగ్ షాఫ్ట్

డబ్బా మీద రంగులు చూసి లోహం పోల్చుకోవచ్చు: నీలం పీ, అంటే స్టీలు. పసుపు ఎం, స్టెయిన్‌లెస్. ఎరుపు కే, పోత ఇనుము. ఆకుపచ్చ ఎన్, అల్యూమినియం, ఇత్తడి లాంటివి. అక్షరం పక్కన అంకె తక్కువైతే గట్టిది, అరగదు, కానీ పెళుసు. ఎక్కువైతే దెబ్బ ఓర్చుకుంటుంది, కాస్త త్వరగా అరుగుతుంది. పీ10 ఒక చివర, పీ40 మరో చివర. లోపలి రహస్యమంతా టంగ్‌స్టన్ కార్బైడ్ గింజల్ని కలిపి ఉంచే కోబాల్ట్‌లో ఉంది. అది పెరిగేకొద్దీ టిప్పు ఓర్పు పెరుగుతుంది, గట్టితనం తగ్గుతుంది.

కోటింగ్ రెండు రకాలు. సీవీడీ మందమైనది, వేడిని బాగా తట్టుకుంటుంది, 200 మీటర్ల వేగాల్లో రాజు. పీవీడీ పలచనిది, కింద అంచు పదును చెడదు. నిమిషానికి 60, 70 మీటర్లు దాటని లేత్‌కు మొదటిదాని గొప్ప అక్కరకు రాదు. అందుకని పీ25 సీవీడీ అని దుకాణదారు ఎంత గట్టిగా చెప్పినా, చిన్న లేత్‌కు పీ30, ఎం30 రెండూ రాసి ఉన్న పీవీడీ గ్రేడు ఒకటి తీసుకోవడం మేలు. అది స్టీలు, స్టెయిన్‌లెస్ రెండిటికీ సరిపోతుంది. బోరు పంపు షాఫ్టులు ఎక్కువగా 410 తరహా స్టెయిన్‌లెస్, అది ఈ టిప్పుతో బాగానే తెగుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ వస్తే జాగ్రత్త. రుద్దితే పైపొర గట్టిపడిపోతుంది, తర్వాతి కట్ ఆ గట్టిపొరలోనే పోవాల్సి వస్తుంది. ఫీడ్ 0.1కి తగ్గకుండా, మధ్యలో ఆపకుండా ఒకే ఊపులో తీయాలి.

గ్రేడుకు అసలు పరీక్ష వెల్డింగ్ పెట్టిన షాఫ్ట్. బేరింగ్ కూర్చునే చోటు అరిగిపోతే కొత్త షాఫ్ట్ కొనేవాళ్లు తక్కువ. అరిగినచోట వెల్డింగ్ రాడ్డుతో వరసలు వరసలుగా నింపి తెస్తారు. దాన్ని చక్‌లో పట్టి తిప్పితే కనిపించేది గుండ్రం కాదు: ఒక పక్క మూడు మిల్లీమీటర్ల గుట్ట, ఇంకో పక్క గుంట, మధ్యలో నల్లగా స్లాగ్ (వెల్డింగ్ చిట్టెం) ఇరుక్కున్న చారలు. చుట్టుకు నాలుగైదు సార్లు టిప్పు ఖాళీలోంచి వచ్చి గోడకు కొట్టుకుంటుంది. షాఫ్ట్ ఈఎన్-8 (మధ్యరకం కార్బన్ స్టీలు) లాంటిదైతే వెల్డింగ్ పక్కన వేడి తగిలి చల్లారిన పట్టీ సానపట్టిన కత్తంత గట్టిగా మారి ఉంటుంది. పీ10 అయితే మొదటి చుట్టులోనే మొన ఎగిరిపోతుంది. ఇక్కడ కావాల్సింది పీ40 దగ్గరి గ్రేడు, 0.8 మొన, మామూలు వేగంలో సగం. మొదటి కట్ పైపైన గీకేలా కాకుండా స్లాగ్ కిందికి, మంచి లోహంలోకి దిగేలా ఉండాలి. మొన మురికిపొర కింద ఉండి, పొర దానంతట అది లేచిపోవాలి. పైపైన గీకితే టిప్పు ఆసాంతం స్లాగ్‌లోనే నడుస్తుంది, ఇసుక రాయి మీద రుద్దినట్టే. మోటారు అంత లోతు లాగలేకపోతే ముందు యాంగిల్ గ్రైండర్‌తో గుట్టలు కొట్టేసి తేవడం చవక. వెల్డింగ్ చేసేవాడిది పక్క షాపే అయితే ఇంకో మాట: పెట్టిన వెంటనే నీళ్లలో ముంచకుండా, బూడిదలోనో పొడి ఇసుకలోనో పూడ్చి తెల్లారేదాకా ఉంచమనాలి. నెమ్మదిగా చల్లారితే ఆ పట్టీ అంతగా గట్టిపడదు. ఒక రాత్రి ఆలస్యం రెండు టిప్పులను కాపాడుతుంది.

ఇలాంటి పనికి పాత బ్రేజింగ్ విడియా టూల్ ఇంకా బతికే ఉంది, ఉండాలి కూడా. కాడకు అతికిన పీ30 ముక్క పెచ్చు లేస్తే పచ్చరాయి మీద మళ్లీ పట్టుకోవచ్చు, ఖర్చు రాయి అరుగుదలే. ఎర్రగా వేడెక్కిన దాన్ని నీళ్లలో ముంచే అలవాటు మానాలి, కంటికి కనపడని పగుళ్లు వచ్చి తర్వాతి కట్‌లో ముక్కలవుతుంది.

మిగతా లోహాల సంగతి త్వరగా ముగించవచ్చు. పోత ఇనుముకు కే20, కూలెంటు లేకుండా పొడిగా, పైన ఉండే ఇసుక తోలు మొదటి కట్‌లోనే పోయేలా. గన్‌మెటల్, ఇత్తడికి కోటింగ్ లేని టిప్పు. అల్యూమినియానికి సీసీజీటీ, కాస్త కిరోసిన్. విరిగిపోయిన లారీ కమాను ముక్కతోనో, బేరింగ్ రింగుతోనో ఏదైనా చేయమని తెస్తే, గ్రైండర్ మీద నిప్పురవ్వలు చూసి, ఆకురాయి జారుతోందో పట్టుతోందో చూసి, జారుతుంటే వెనక్కి పంపడమే. అది మెత్తబరచకుండా ఇక్కడ చెప్పిన టిప్పులతో చేసే పని కాదు.

కూలెంటు గురించి ఒక్కటే. సీసాతో అప్పుడప్పుడు నీళ్ల కూలెంటు చిమ్మడం వేడెక్కిన కార్బైడ్‌కు అన్నిటికంటే చేటు. ఎర్రబడ్డ మొన మీద చల్లటి చుక్క పడిన ప్రతిసారీ అంచుకు అడ్డంగా దువ్వెన పళ్లలా పగుళ్లు వస్తాయి. పోస్తే ధారగా పోయాలి, లేకపోతే పొడిగా నడపాలి.

కరెంటు పోయినప్పుడు

కోతలో ఉండగా చక్ ఆగిపోతే కార్బైడ్ మొన విరిగే అవకాశం ఎక్కువ. హెచ్ఎస్ఎస్ దాన్ని ఓర్చుకుంటుంది, కార్బైడ్ ఓర్చుకోదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఇది చిన్న విషయం కాదు. మోటారు గొంతు మారగానే చెయ్యి క్రాస్ స్లైడ్ (టూల్‌ను జాబ్ వైపూ వెనక్కూ జరిపే భాగం) హ్యాండిల్ మీద ఉండి, చక్ ఇంకా తిరుగుతుండగానే టూల్‌ను వెనక్కి లాగాలి. ఆగిపోయాక గమనిస్తే, చక్‌ను చేత్తో వెనక్కి తిప్పకూడదు, టూల్‌నూ పొడవు దిశలో లాగకూడదు. టిప్పు స్క్రూ వదులు చేసి, మొనను వదిలించి తీయడం సురక్షితం.

థ్రెడింగ్‌లో (మరలు కోయడంలో) ఇదే ప్రమాదం రోజూ ఉంటుంది. టూల్ గాడిలో ఉండగానే మోటారు రివర్స్ కొట్టే అలవాటున్న చేతికి కార్బైడ్ థ్రెడింగ్ టిప్పు ఒక్క రోజు నిలవదు. టూల్‌ను బయటికి లాగాకే రివర్స్. ఇంకో తేడా కూడా ఇక్కడే వస్తుంది. బోరు పైపుల బీఎస్‌పీ (బ్రిటిష్ పైపు కొలత) మరలకు కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ బోల్టులకు 60. దుకాణంలో 16ఈఆర్ ఏజీ60 (బయటి మరలకు 60 డిగ్రీల టిప్పు) అడగకుండానే చేతిలో పెడతారు. పైపు మరకు అది వాడితే మర కంటికి బాగానే కనిపిస్తుంది, నాలుగు చుట్లు ఎక్కుతుంది కూడా. పక్కగోడలు కలవవు కాబట్టి వందల అడుగుల లోతుకు దించే పైపుల బరువంతా మరల కొసల మీద పడుతుంది. బోరు పనులు చేసే షాపులో ఏజీ55 డబ్బా విడిగా, పేరు రాసి ఉండాలి. ఒకటి నుంచి రెండు అంగుళాల దాకా బీఎస్‌పీకి అంగుళానికి 11 మరలు, అర, ముప్పావు అంగుళాలకు 14.

కొనేటప్పుడు

అనంతపురం, హిందూపురం షాపులకు సరుకు ఎక్కువగా బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డు దుకాణాల నుంచి వస్తుంది. కర్నూలు వాళ్లు హైదరాబాద్ వైపు చూస్తారు. డబ్బా లేకుండా విడిగా అమ్మే టిప్పులు చవకే, కానీ గ్రేడు ఏమిటో, ఎంత కట్‌కు చేసిందో చెప్పే కాగితం పోతుంది. టిప్పు మీద గ్రేడు అచ్చు ఉంటే కొంత నయం. డబ్బా ఉంటే దాని మీద వేగం పక్కన ఫీడ్, కట్ లోతు కూడా రాసి ఉంటాయి. వేగం అంకెను వదిలేసి ఆ రెండింటినే చూడాలి. లోతు 0.5 నుంచి, ఫీడ్ 0.08 లేదా 0.1 నుంచి మొదలయ్యే చిప్‌బ్రేకర్ అయితే చిన్న లేత్‌కు పనికొస్తుంది. 1.5 నుంచి, 0.25 నుంచి మొదలయ్యేది ఎంత చవకైనా వద్దు. దాంతో చిప్ తెగదు, పొడవాటి తీగలా వచ్చి చక్‌కు చుట్టుకుంటుంది. దాన్ని చేత్తో లాగబోయి వేళ్లు కోసుకున్నవాళ్లు ప్రతి లేత్ బజారులో ఉంటారు.

ఇంతకుముందు టిప్పులే వాడని షాపు మొదలుపెట్టాలంటే ఇంత చాలు: ఒక 1616 ఎస్‌సీఎల్‌సీఆర్ హోల్డరు, దానితో ఒకే సైజు టిప్పు పట్టే ఒక 12 మి.మీ. బోరింగ్ బార్ (రంధ్రం లోపల కోసే టూల్), పీవీడీ గ్రేడులో 0.4 మొన సీసీఎంటీ ఒక డబ్బా, వెల్డింగ్ పనులకు దెబ్బ ఓర్చుకునే పీ40 తరహా గ్రేడులో 0.8 మొనవి విడిగా నాలుగైదు, సీసీజీటీ రెండు మూడు. బోరింగ్ బార్ బయటికి ఉండే పొడవు దాని లావుకు నాలుగు రెట్లు దాటకూడదు, 12 మి.మీ. బార్ అయితే 48 మి.మీ. పార్టింగుకు (ముక్కను తెంపడానికి) 2 మి.మీ. బ్లేడు టిప్పు తర్వాత చూసుకోవచ్చు. అప్పటిదాకా హెచ్ఎస్ఎస్ బ్లేడే నడపాలి. టార్క్స్ కీలు (నక్షత్రం మొన ఉన్న స్క్రూ తాళంచెవులు) రెండు, విడి స్క్రూలు పది తీసుకోవడం మరవకూడదు. స్క్రూ తల పాడైతే హోల్డరు ఉన్నా పని ఆగుతుంది, ఆ స్క్రూలు ఊళ్లో దొరకవు. టిప్పు మార్చిన ప్రతిసారీ కూర్చునే గాడిని గుడ్డతో తుడవాలి. అందులో ఒక చిప్ రవ్వ ఉన్నా టిప్పు ఎత్తుగా కూర్చుని మొదటి బరువుకే రెండుగా చీలుతుంది. అరిగిన టిప్పులను డబ్బాలో పోగు చేసి ఉంచితే తుక్కు కొనేవాళ్లు టంగ్‌స్టన్ కోసం కిలో లెక్కన, ఇనుము కంటే చాలా ఎక్కువ ధరకు తీసుకుంటారు.